కాచి చల్లార్చిన నీళ్ళు

ఆసుపత్రిలో అందరూ ఆయన్ని ఆవిరాయన అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. దాంతో పిలిచేవాళ్ళు లేరు.

ఆయన పని కింది అంతస్తులో, వరండా చివరి గదిలో. పైన ఆపరేషన్లకు వాడిన కత్తెరలు, పట్టకార్లు, స్టీలు గిన్నెలు బుట్టల్లో కిందికి వస్తాయి. ఆయన వాటిని కడిగి, తుడిచి, ఆకుపచ్చ గుడ్డలో మూటకట్టి, మూట మీద ఒక టేపు ముక్క అంటించి, ఆవిరి యంత్రంలో పెట్టి తలుపు చక్రం బిగిస్తాడు. తీసేసరికి టేపు మీది గీతలు నల్లబడి ఉండాలి. నల్లబడితే శుద్ధి అయినట్టు. లేకపోతే మళ్ళీ మొదటికి. ఇరవై ఆరేళ్ళలో గీతలు నల్లబడని మూట ఒక్కటి కూడా ఆయన చేతి మీదుగా పైకి వెళ్ళలేదు. ఈ సంగతి ఎవరూ ఎప్పుడూ ఆయనతో అనలేదు. మూట విప్పేవాళ్ళకు మూట కట్టినవాడు గుర్తుండడు.

ఇంట్లోనూ అదే మనిషి. చెంచాలు, గోళ్ళ కత్తెర, కూతురి దువ్వెన, అన్నీ వారానికొకసారి మరుగుతున్న నీళ్ళలో మునిగి తేలాల్సిందే. తాగే నీళ్ళు కాచి చల్లార్చినవే. గోడకు బిగించే ఫిల్టర్లను నమ్మడు. "దాని లోపల ఏం జరుగుతుందో ఎవడు చూశాడు? ఇక్కడైతే బుడగలు కనబడతాయి" అంటాడు.

"నాన్నా, నన్ను కూడా ఓ అరగంట మీ యంత్రంలో పెట్టి తీయకూడదూ? మొటిమలు పోతాయేమో" అంటుంది కాలేజీకి తయారవుతున్న కూతురు.

"ముందు నీ నోరు పెట్టి తీయాలి" అంటుంది భార్య.

ఆ భార్యకు ఒక చెల్లెలు. చెల్లెలి భర్త, అంటే ఆవిరాయన తోడల్లుడు, ఏసీలు బాగుచేస్తాడు. రెండు వీధుల అవతలే ఇల్లు. ఎండలు ముదిరితే జనం అతని కోసం గుమ్మంలో నిలబడి చూస్తారు. చెప్పిన గంటకు రాడు. వచ్చాక ఒక జోకు వేస్తాడు. వాళ్ళు ఆలస్యం సంగతి మరిచిపోతారు. విప్పిన స్క్రూలు ఎక్కడ పెట్టాడో అతనికే తెలియదు, పని మాత్రం అయిపోతుంది. గది చల్లబడుతుంది. చల్లబడిన గదిలో అతనికి కుర్చీ వేసి, టీ ఇచ్చి, ఇంకాసేపు కూర్చోమంటారు.

ఆవిరాయనకు ఇది ఏనాడూ మింగుడు పడలేదు. అసూయ అనే మాట ఆయన తన విషయంలో వాడలేదు. "వాడి పద్ధతి నాకు నచ్చదు" అనేవాడు.

"మీకు నచ్చకపోతే అతనికేం పోయింది? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అనేది భార్య.

పద్ధతి లేనివాడికి అన్నీ కలిసిరావడం ఆయనకు లెక్క తప్పినట్టు ఉండేది. పైగా కూతురు బాబాయి జోకులకు పడీపడీ నవ్వేది. తన జోకులకు నవ్వినట్టు ఆయనకు గుర్తులేదు. తను జోకులు వేసినట్టూ గుర్తులేదు.

కూజా మొక్కను ఆయన మూడేళ్ళ కిందట కొన్నాడు. నర్సరీలో నిమ్మ మొక్క కోసం వెళితే ఒక మూల వేలాడుతూ కనబడింది. ఆకు కొస నుంచి ఒక పోగు కిందికి జారింది. పోగు చివర బొటనవేలంత కూజా. కూజాకు ఎర్రటి అంచు, అంచు మీద మూత, లోపల నీళ్ళు. చీమ ఒకటి అంచు మీద నడుస్తూ జారి లోపల పడింది. మళ్ళీ పైకి రాలేదు. ఆవిరాయన ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకే తెలియదు. మంట లేదు, మందు లేదు, పురుగు మాత్రం మాయం. ఆ మొక్క తన వృత్తికి చుట్టమనిపించింది.

"వాన నీళ్ళే పొయ్యండి. ఎరువు ముట్టించకండి. సారం లేని మట్టే దానికి పడుతుంది" అంది నర్సరీ ఆవిడ. ఎందుకో ఆవిడ చెప్పలేదు, ఆయన అడగలేదు.

బాల్కనీలో వాన నీటికి ఒక డ్రమ్ము పెట్టాడు. రెండేళ్ళు గడిచేసరికి మొక్క బాల్కనీ కమ్మీని చుట్టేసింది. ఒకసారికి పద్దెనిమిది కూజాలు. పెద్దది అరచేయంత. చూడ్డానికి చుట్టాలు వచ్చారు, పక్క ఫ్లాట్ల వాళ్ళు వచ్చారు, ఆసుపత్రి పై అంతస్తు నుంచి ఒక డాక్టరమ్మ కూడా ఒకరోజు పనిగట్టుకుని వచ్చింది. ఆ ఇంట్లో కుర్చీలు చాలకపోవడం అదే మొదలు. చివరికి తోడల్లుడు వచ్చాడు. కూజాల ముందు వంగి చూశాడు. జోకు రాలేదు.

"అన్నయ్యా, ఇది మాత్రం మీకే చెల్లింది" అన్నాడు.

ఆ మాటను ఆవిరాయన వారం రోజులు లోపల తిప్పుకున్నాడు. ఆ పొంగులోనే ఒక కొమ్మ ముక్క కోసి తడి నాచులో చుట్టి తోడల్లుడికి ఇచ్చాడు. లేనివాడికి ఇచ్చినట్టు ఇచ్చాడు. దానితో పాటు ఒక కాగితం మీద తొమ్మిది నియమాలు రాసి, అంకెలు వేసి, కింద గీత గీసి ఇచ్చాడు. తోడల్లుడు దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఆ కాగితం ఏమైందమ్మా?" అని తర్వాత మరదల్ని అడిగాడు.

"చొక్కాతో పాటే ఉతికేశాను బావా. అక్షరాలన్నీ ఒకదాన్నొకటి కౌగిలించుకున్నాయి" అందామె.

ఇంత మర్యాద తెచ్చిన మొక్కను దుమ్ముకూ గాలికీ వదిలేయడం ఆవిరాయనకు ఇష్టం లేకపోయింది. హాల్లో కిటికీ పక్కన మనిషి నడుమెత్తు గాజు తొట్టి పెట్టించాడు. లోపల పచ్చటి బతికున్న నాచు పరిచాడు. పైన దీపం, పక్కన వేడి కొలిచే మీటరు, తేమ కొలిచే మీటరు. మొక్కను కత్తిరించి, కుండీతో సహా లోపలికి దించాడు. అదే వారం డ్రమ్ములోకి తొంగి చూస్తే వాన నీళ్ళలో దోమ పిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. డ్రమ్ము బోర్లించేశాడు. ఇక నుంచి తొట్టికి కూడా ఇంట్లో తాగే నీళ్ళే. కుళాయి నీళ్ళు, కాచి చల్లార్చినవి. తన దగ్గరున్న వాటిలో అంతకన్నా శుభ్రమైనవి లేవు. ఉన్నవాటిలో మంచివి ఇచ్చాడు.

నాలుగు నెలలు బాగానే ఉంది. ఐదో నెలలో కూజాల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. మూతలు ముడుచుకున్నాయి. కొత్త ఆకులు వచ్చాయి గానీ ఆకు కొసన పోగు చివర ఉబ్బాల్సిన చోట నల్లటి చుక్క తేలి ఎండిపోయింది. తర్వాత ఆకులే వాలిపోయాయి. మట్టి తడిగానే ఉంది. తడి మట్టిలో నిలబడి దాహంతో వాలినట్టు వాలాయి.

ఆవిరాయన ఒక రిజిస్టరు తెరిచాడు. యంత్రానికి రాసినట్టే రాశాడు. పొద్దున వేడి, మధ్యాహ్నం వేడి, తేమ, దీపం వేసిన గంట, ఆపిన గంట. దీపం దగ్గరైందేమోనని జానెడు పైకి ఎత్తాడు. పది రోజులు చూశాడు. తేడా లేదు. ఉక్క ఎక్కువైందేమోనని మూత ఓరగా తీశాడు. ఆకులు ఇంకా ముడుచుకున్నాయి. మూత మళ్ళీ వేశాడు. నీళ్ళు ఎక్కువయ్యాయేమోనని తగ్గించాడు. తక్కువయ్యాయేమోనని పెంచాడు. కుండీ అడుగున వేళ్ళు కుళ్ళాయేమోనని పైకెత్తి చూశాడు. కుళ్ళు వాసన లేదు, వేళ్ళ కొసలు మాత్రం కాలినట్టు నల్లగా ఉన్నాయి. మీటర్లన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. మొక్క ఒక్కటే ఉండాల్సినట్టు లేదు.

"నీళ్ళ వల్లనేమో నాన్నా?" అంది కూతురు.

"నీళ్ళా? ఆ నీళ్ళు పురిటిబిడ్డకు పట్టొచ్చు."

"అది పురిటిబిడ్డ కాదు కదా."

"నీకు తెలీదు, ఊరుకో."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

"వచ్చేపోయే వాళ్ళ కళ్ళు పడ్డాయేమో" అంది భార్య.

"వచ్చేపోయే వాళ్ళలో ఎక్కువ వచ్చేది ఎవడు?" అన్నాడాయన.

ఇంతలో తోడల్లుడి ఇంటి నుంచి కబుర్లు రావడం మొదలైంది. ముక్క నాటుకుంది. ముక్క చిగురేసింది. కూజా వేసింది. కూతురు ఫోన్లో ఫోటోలు తెచ్చి చూపించింది. పాత చేపల తొట్టి, ఒక మూల గాజు బీట, లోపల పగిలిన ఇటుక మీద కుండీ. మీటర్లు లేవు. కుండీ చుట్టూ నాచు పచ్చగా పొంగింది. కూజాలు ఎర్రగా, బరువుగా, పొట్టలు వేసుకుని కూర్చున్నాయి.

"బాబాయ్ ఒకదానికి నా పేరు పెట్టాడు" అంది కూతురు.

ఆవిరాయన ఫోను తిరిగి ఇచ్చేశాడు. భోజనం దగ్గర ఉప్పు తక్కువైందన్నాడు. తక్కువ కాలేదు. అది తన మొక్క. తన కత్తితో కోసిన కొమ్మ. తన చెట్టు బిడ్డ వాడింట్లో కళకళలాడుతుంటే, తల్లి తనింట్లో ఎండుతోంది. పరాయి మొక్క అయితే ఇంత మంట ఉండేది కాదు.

ఒక ఆదివారం తోడల్లుడు భార్యతో వచ్చాడు. తొట్టి ముందు ఆగాడు.

"ఏంటన్నయ్యా, మీ కూజాలు ఖాళీ అయ్యాయి. చీమలకు సెలవులిచ్చారా?"

కూతురు నవ్వింది. ఆవిరాయన నవ్వలేదు. అప్పటికి తొట్టిలో మిగిలినవి నాలుగు ఆకులు, ఒక చిగురు.

"పోనీ మా దాంట్లోంచి ఒక ముక్క..." అని తోడల్లుడు ఏదో అనబోయాడు.

"అక్కర్లేదు" అన్నాడు ఆవిరాయన. తన మొక్కను తనే అడుక్కుని తెచ్చుకోవడమా?

తోడల్లుడు ఆ మాట పట్టించుకోలేదు, లేదా పట్టించుకోనట్టు ఉన్నాడు. వేరే పని మీద వచ్చానన్నాడు. పక్క ఊళ్ళో కొత్త భవనానికి ఏసీలు బిగించాలట. పది రోజులు పడుతుంది. భార్య కూడా వస్తానంటోంది. మొక్కను మూడు రోజులకొకసారి చూసేవాళ్ళు కావాలి.

"బకెట్లో నీళ్ళున్నాయి. ఒక మగ్గు పోస్తే చాలు. మీరైతే నాకన్నా శ్రద్ధగా చూస్తారని ఈవిడే అంది."

"అన్నాను బావా. ఈయనకైతే శ్రద్ధ అనే మాటకు అర్థం చెప్పాలి" అంది మరదలు, తాళంచెవి బల్ల మీద పెడుతూ.

వాళ్ళు వెళ్ళిన రోజే ఆవిరాయన ఆ ఇంటి తాళం తీశాడు. గదిలో ఏసీ ఆపి ఉంది. కిటికీ పక్కన తొట్టి. ఫోటోలో చూసిన దానికి నిజంలో నాలుగింతలు ఉంది. కూజాలు లెక్కపెట్టాడు. ఇరవై మూడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఇరవై మూడే. ఒక కొత్త కూజా మూత ఇంకా తెరుచుకోలేదు, లేత బుగ్గలా ఉబ్బి ఉంది. ఆయన వేలితో తాకాడు. గట్టిగా ఉంది. గిల్లితే ఏమవుతుందో అనిపించి చేయి వెనక్కి తీసుకున్నాడు.

బకెట్ బాల్కనీలో ఏసీ గొట్టం కింద ఉంది. గొట్టం నుంచి కారిన నీళ్ళే అందులో. అడుగున పాకుడు, పైన ఒక ఈక.

"ఏసీ కక్కిన నీళ్ళా దీనికి పోసేది!" అని పైకే అన్నాడు. ఖాళీ ఇంట్లో ఆ మాట ఆయనకే వినబడింది. నీళ్ళు పారబోసి, బకెట్ తోమి బోర్లించాడు. ఇంటికి వెళ్ళి డబ్బాలో కాచి చల్లార్చిన నీళ్ళు తెచ్చి పోశాడు. అప్పుడు ఆయన మనసులో దోషం లేదు. కడుపు మండుతున్నా చేయి మాత్రం శుద్ధంగానే పనిచేసింది. నాలుగో రోజున మళ్ళీ వెళ్ళి అవే నీళ్ళు పోశాడు.

ఆరో రోజు ఆసుపత్రిలో యంత్రం ఆగిపోయింది. ఆవిరాయన తలుపు తీసి, టార్చి వేసి, నీళ్ళ ట్యాంకులోకి చూశాడు. వేడిచేసే కడ్డీ చుట్టూ తెల్లటి పెచ్చు కట్టింది. వేలితో గీస్తే పొడి రాలింది.

రెండో షిఫ్టు ఆయన్ని పిలిచాడు. పదవీ విరమణకు దగ్గర పడ్డ మనిషి, నెల రోజుల కిందటే వేరే విభాగం నుంచి వచ్చాడు.

"ఇందులో ఏం నీళ్ళు పోస్తున్నారండీ?"

"డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు రావడం ఆలస్యమైంది. అందుకని కుళాయివే పోశాను. అయితే ఊరికే పోయలేదు లెండి. మీ పద్ధతి ప్రకారం కాచి, చల్లార్చి మరీ పోశాను."

"కాస్తే పురుగు చస్తుంది గానీ సున్నం చస్తుందా? నీళ్ళు ఆవిరై ఎగిరిపోతాయి, సున్నం ఇక్కడే కూర్చుంటుంది. కాచేకొద్దీ చిక్కబడుతుంది. ఇన్నేళ్ళ సర్వీసు చేశారు, ఈ మాత్రం తెలియదా?"

అని, ఆగిపోయాడు. రెండో షిఫ్టు ఆయన తిట్టు ఇంకా ఉందనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంకేం రాలేదు.

ఇంటికి వచ్చి తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్ళాడు. నాచు ఎప్పుడో గోధుమరంగుకు మాడింది. దాని మీద సన్నటి తెల్లటి పొర. ఇన్నాళ్ళూ బూజనుకుని తుడుస్తున్నాడు. వేలితో గీశాడు. పొడి రాలింది. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు కాచే గిన్నె తిరగేశాడు.

"అడుగు చూస్తున్నారా? వారం వారం గీకలేక నా గోళ్ళు అరిగిపోతున్నాయి. మీకు చెప్పలేదూ?" అంది భార్య.

"చెప్పావు."

"మరి?"

"గిన్నె గురించి చెప్పావు" అన్నాడు.

మర్నాడు ఆయనకు సెలవు. తోడల్లుడి మొక్కకు నీళ్ళు పొయ్యాల్సిన రోజు కూడా. పొద్దున్నే డబ్బా నింపుకున్నాడు. ఎందుకు నింపాడో తనను తాను అడగలేదు. అలవాటు కొద్దీ నింపినట్టు నింపాడు. దారిలో డబ్బా ఎప్పటికన్నా బరువుగా లేదు.

తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మూడు రోజుల్లో ఆ కొత్త కూజా మూత తెరుచుకుంది. లోపలి నుంచి కొత్త ఎరుపు.

ఇప్పుడు ఆయనకు తెలుసు. ఈ నీళ్ళు పోస్తే ఈ రోజు ఏమీ కాదు, రేపు ఏమీ కాదు. ఇంకో రెండు డబ్బాలు, తర్వాత "మీ బకెట్ నీళ్ళు మురికి, ఇవి వాడండి" అని ఒక పెద్దమనిషి సలహా. నాలుగైదు నెలలకు అంచులు ఎండుతాయి. ఎవరూ అనుమానించరు. కాచి చల్లార్చిన నీళ్ళు పోసిన మనిషిని ఎవరు నిందిస్తారు? విషం పోసినవాడు దొరుకుతాడు. మంచినీళ్ళు పోసినవాడు దొరకడు. రెండు తొట్లూ ఎండిపోతే అప్పుడు ఇద్దరూ సమానం. వాడు జోకు వేస్తాడు. వేయనీ. జోకు వేసేటప్పుడు వాడి మొహం ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

డబ్బా మూత తీసి పోశాడు. మగ్గుతో కాదు, డబ్బాతోనే. మట్టి నీళ్ళు పీల్చుకున్న చప్పుడు వినబడింది. సగం అయ్యాక చేయి ఆగింది. ఆగమని ఆయన అనుకోలేదు. ఇరవై ఆరేళ్ళుగా మూట మీద గీతలు చూడందే పైకి పంపని చేయి అది. దానికి ఈ పని కొత్త.

డబ్బా కింద పెట్టాడు.

పోసింది తీయడానికి దారి ఒక్కటే. సున్నం లేని నీళ్ళు బకెట్ల కొద్దీ పోసి మట్టిని కడిగేయాలి. ఆసుపత్రి డబ్బాలు ఆసుపత్రివి. అందులో చుక్క కూడా ఆయన ఇంటికి తెచ్చినవాడు కాదు. బ్యాటరీ షాపులో దొరుకుతాయి, షాపులకు ఈ రోజు సెలవు. ఆవిరి చల్లారి కారే ఏసీ నీళ్ళలో సున్నం ఉండదు, కానీ గొట్టం కింద ఉన్న ఆ మంచి నీళ్ళను తన చేతులతోనే పారబోశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామంటే ఆకులు కూడా మిగల్చలేదు.

బకెట్ తెచ్చి గొట్టం కింద పెట్టాడు. తలుపులూ కిటికీలూ బిగించాడు. ఏసీ వేసి, రిమోట్ మీద అంకెను ఎంత కిందికి దిగితే అంత కిందికి దించాడు. కుర్చీలో కూర్చుని గొట్టం వైపు చూశాడు. మొదట ధారగా వచ్చింది. తర్వాత చుక్కలు. తర్వాత చుక్కకూ చుక్కకూ మధ్య తన పేరు పూర్తిగా పలకగలిగినంత సేపు. చలికి మోకాళ్ళు పట్టేశాయి. సోఫా మీది దుప్పటి కప్పుకున్నాడు. శత్రువు మొక్క కోసం శత్రువు ఇంట్లో శత్రువు దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఎప్పుడో కళ్ళు మూతలు పడ్డాయి.

తలుపు చప్పుడుకు లేచేసరికి ఎదురుగా తోడల్లుడు, వెనకాల సంచితో మరదలు. పని ముందే అయిపోయిందట.

తోడల్లుడు దుప్పటినీ, ఏసీనీ, ఆయన్నీ చూశాడు. మొహం విచ్చుకుంది.

"ఏంటన్నయ్యా, మా ఏసీ మీద మనసు పడ్డారా? ఒక్క మాట చెబితే మీ ఇంట్లోనే బిగించేవాణ్ణి కదా!"

అవునంటే సరిపోయేది. చలవకు ఆశపడి వచ్చిన పెద్దాయన కథగా నాలుగు రోజులు నవ్వుకుని మరిచిపోయేవాళ్ళు. ఆవిరాయన దుప్పటి మడత పెట్టాడు. నాలుగు మూలలూ కలిపి మడత పెట్టాడు.

"నీ మొక్కకు పొయ్యకూడని నీళ్ళు పోశాను" అన్నాడు.

"ఏం నీళ్ళు?"

"కాచి చల్లార్చినవి. అందులో సున్నం ఉంటుంది. వేళ్ళు మాడతాయి. నాది అలాగే పోయింది."

"పోనీలెండి బావా, తెలియక పోశారు" అంది మరదలు.

"రెండుసార్లు తెలియక. మూడోసారి తెలిసే పోశాను. ఇందాకే."

మరదలి చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. దాంతోనే లోపలికి వెళ్ళింది. వంటింట్లో ఏదో గిన్నె అవసరం లేనంత గట్టిగా కింద పెట్టిన చప్పుడు.

తోడల్లుడు తొట్టి దగ్గరికి వెళ్ళాడు. కుండీ ఎత్తి మట్టి నొక్కి చూశాడు. తర్వాత బాల్కనీలోకి వెళ్ళి బకెట్ చూశాడు. అతని మొహంలో జోకు లేదు. జోకు లేని ఆ మొహాన్ని ఆవిరాయన ఇదివరకు ఒక్కసారే చూశాడు. ఇందాక ఎంతగానో చూడాలనుకున్నది అదే. తీరా చూసేసరికి తల దించుకున్నాడు.

"ఏసీ వేసి ఎంతసేపైంది?"

"మూడు గంటలు."

"మూడు గంటలకు రెండు వేళ్ళ లోతా? తలుపులన్నీ బిగించి కూర్చున్నారా?"

"చలి ఎక్కువైతే నీళ్ళు ఎక్కువ వస్తాయనుకున్నాను."

"గదిలో ఉన్న తేమంతా మొదటి గంటలోనే అయిపోతుంది అన్నయ్యా. గాలిలో ఉంటేగా అది కక్కేది?" అని తోడల్లుడు బాల్కనీ తలుపు బార్లా తీశాడు, కిటికీలు తీశాడు. బయటి ఉక్క గదిలోకి వచ్చింది. "స్టవ్వు తెచ్చి ఇక్కడ పెట్టి నీళ్ళు మరిగించండి. ఆవిరి మీ పనేగా. మిమ్మల్ని తర్వాత తిడతాను. ముందు నీళ్ళు కావాలి."

ఆవిరాయన వంటింట్లోకి వెళ్ళి చిన్న కరెంటు పొయ్యి, వెడల్పు గిన్నె అడిగాడు. మరదలు ఆయన మొహం చూడకుండా ఇచ్చింది. "అత్తాకోడళ్ళు కొట్టుకున్న ఇళ్ళ గురించి విన్నాను గానీ తోడల్లుళ్ళు మొక్క కోసం కొట్టుకున్న ఇల్లు ఇదే చూడ్డం" అని గోడతో అన్నట్టు అంది.

గిన్నె మరిగింది. ఆవిరి ఏసీ వైపు సాగింది. గొట్టం కింద చుక్కలు దగ్గరయ్యాయి, తర్వాత కలిసిపోయి సన్నటి ధార అయ్యాయి. తోడల్లుడు ఆ నీళ్ళను మగ్గుతో తీసి కుండీలో పోసి, కింద నుంచి కారిపోనిచ్చాడు. మళ్ళీ పోశాడు.

"మీ దాంట్లో ఏమైనా మిగిలిందా?" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

"ఒక్క చిగురు."

"తీసుకురండి మరి. ఎప్పటికి తెస్తారు?"

ఆవిరాయన వెళ్ళి కుండీ తెచ్చాడు. రెండు వీధులూ దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని నడిచాడు. తిరిగి వచ్చేసరికి బకెట్ సగం నిండి ఉంది. తోడల్లుడు తన కుండీని పక్కకు జరిపి, ఆయన కుండీని నేరుగా గొట్టం కిందే పెట్టాడు. మగ్గు కూడా అడ్డం లేకుండా, చుక్క చుక్కా ఆ ఒక్క చిగురు మొదట్లోనే పడింది. అది బతుకుతుందో లేదో తెలియడానికి రెండు నెలలు పడుతుంది. ఇద్దరూ దాన్నే చూశారు.

ఆవిరాయన పొయ్యి దగ్గరికి తిరిగి వచ్చాడు. ఇరవై ఆరేళ్ళు ఆవిరితో బతికాడు. తలుపు తీయాలన్న సంగతి తనకు తట్టలేదు. అది కూడా వాడే చెప్పాల్సి వచ్చింది. తిడతానన్నవాడు తిట్టనూ లేదు. తన కుండీ పక్కకు జరిపి ఆయన కుండీ ముందు పెట్టాడు. మంచితనంలోనైనా తను ముందుండే వీలు లేకుండా చేశాడు. కడుపులో మళ్ళీ భగ్గుమంది.

గిన్నెలో నీళ్ళు తగ్గాయి. ఆయన ఇంకో చెంబు పోసి, పొయ్యి సెగ పెంచాడు.